బ్రాక్‌నెల్‌లో ఒక ఊరి పేరు అడిగాను

ఇంగ్లండు వెళ్ళకముందే నాకు ఇంగ్లండు బాగా తెలుసనుకున్నాను. పదో తరగతితో ఆగిపోయిన నా చదువును ముందుకు నడిపించింది బాపట్లలో మా గ్రంథాలయం. అక్కడి పొడుగు బల్ల మీద నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. థేమ్స్ నది ఎక్కడ పుడుతుందో, వాళ్ళ రాజుల్లో ఎవరి తర్వాత ఎవరో, అక్కడ వాన ఎలా కురుస్తుందో అన్నీ చదివాను. వైద్యం పుస్తకాలు కూడా చదివాను, ఎందుకంటే నా ఉద్యోగానికి అవి కావాలి.

హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళ కోసం మా దగ్గర ఒక చిన్న సంస్థ ఉంది. నేను అందులో పనిచేస్తాను. మందులు వేళకు వేసుకోవడం, తిండి, నిద్ర, నడక, ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, ఇలాంటివన్నీ పదిమంది ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని అలవాటు చేసుకునే కూటాలు నడుపుతాం. అవి పెద్దాసుపత్రిలోనే జరిగేవి. వాటిని ఊళ్ళకు దగ్గరగా ఉండే చిన్న ఆసుపత్రుల్లోకి తేవాలని మా ఆలోచన. ఇంగ్లండులో ఆ పని చేశారని తెలిసి, 2018 అక్టోబరులో చూసి రమ్మని నన్ను పంపారు. ఇంగ్లీషు వచ్చు, పుస్తకాలు చదువుతుంది, ఈవిడే తగిన మనిషి అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

రీడింగ్

నేను దిగింది రీడింగ్‌లో, రత్నకుమారి గారింట్లో. ఆవిడది గుంటూరు. ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సు. మా పాస్టరు గారు ఫోన్లో పరిచయం చేశారు. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "బాపట్లలో యాడమ్మా మీ ఇల్లు?" రెండో మాట, మా ఇంటిపేరు. కాసేపటికి నేను ఆవిడ తోటికోడలి వైపు దూరపు చుట్టాన్నని తేలింది. అప్పుడు గాని అన్నం పెట్టలేదు.

వాళ్ళమ్మాయి జెస్సీ అక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఇమిగ్రేషన్ వాళ్ళు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు మమ్మీ అంది. మేమిద్దరం నవ్వుకున్నాం. ఊరు అడగకపోతే మనిషితో మాట్లాడినట్టేముంది అన్నాను నేను. ఆ పిల్ల మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మర్నాడు రత్నకుమారి అక్కయ్య నన్ను బజారుకు తీసుకెళ్ళింది. పిడికెడు కరివేపాకు పౌండు. అంటే మన తొంభై పైచిలుకు రూపాయలు. మా దొడ్డిగుమ్మం దగ్గరి చెట్టుని తలుచుకుంటే ఆ ధర నోటికి రాలేదు. అక్కయ్య ఆ రెమ్మలను ఫ్రీజర్‌లో దాచి, ఒక్కొక్క ఆకూ లెక్కపెట్టినట్టు పోపులో వేస్తుంది. ఈ దేశంలో తెలుగువాళ్ళ వంట వాసనను బట్టి వాళ్ళ జీతం చెప్పొచ్చు అని నవ్వింది.

బ్రాక్‌నెల్ బస్సు

నేను చూడాల్సిన క్లినిక్ బ్రాక్‌నెల్‌లో ఉంది. గురువారం పొద్దున్నే బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలావిడతో మాట కలపబోతే, ఇవాళ ఎండ కాసేటట్టుంది అని చెప్పి కిటికీలోకి చూడడం మొదలుపెట్టింది. మా బాపట్ల-చీరాల బస్సులో ఆ పాటి దూరానికి నాకు ముగ్గురి కాపురాలు తెలిసిపోయి ఉండేవి. పాపం, వీళ్ళు ఎంత ఒంటరివాళ్ళో అనుకున్నాను. పుస్తకాల్లో చదివింది నిజమే అని లోలోపల సంతోషం కూడా కలిగింది.

అద్దాల ఆఫీసులు దాటాక ఇళ్ళ మధ్య ఎర్ర ఇటుకల కట్టడం, ఒకటే అంతస్తు. ఒక గదిలో పసిపిల్లల్ని తూకం వేస్తున్నారు. ఒక గదిలో ముసలివాళ్ళ కాళ్ళ పుళ్ళు చూస్తున్నారు. చివరి గది మాది. దానికి బోర్డు లేదు. ఎదురుగా రోడ్డవతల ఊరి లైబ్రరీ.

ఆ కార్యక్రమం నడిపే నర్సు పేరు హెలెన్. సన్నగా, చురుగ్గా ఉంటుంది, నవ్వితే గట్టిగా నవ్వుతుంది. ఆవిడ చెప్పిన సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. కూటాలు పెద్దాసుపత్రిలో జరిగినప్పుడు ప్రయాణం దూరమని ఆడవాళ్ళు మానేస్తున్నారని అనుకున్నారట. అందుకని ఊరూరా క్లినిక్‌లలోకి తెచ్చారు. తెస్తే అసలు ఎవరూ రాలేదు. రిసెప్షన్‌లో కూర్చున్నది పక్కింటి మనిషి, కుర్చీలో ఎదురుగా కూర్చున్నది పిల్లల స్కూల్లో కనపడే మనిషి. దగ్గరంటే ఇంటికి దగ్గర అనుకున్నాం, అదే మా పొరపాటు అంది హెలెన్. ఇప్పుడు ఎవరికి ఏ ఊరి క్లినిక్ కావాలంటే ఆ ఊరికి వెళ్ళొచ్చు. కొందరు రెండు బస్సులు మారి, తమవాళ్ళెవరూ లేని ఊరు వెతుక్కుని వస్తారు.

నాకు మా ఆఫీసు బోర్డు గుర్తొచ్చింది. హెచ్ఐవీకి గుర్తయిన ఎర్ర రిబ్బను బొమ్మ, కింద బస్సులోంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలు. మా ఆడవాళ్ళు కొంగు ముసుగేసుకుని వెనక సందులోంచి వస్తారు. ఆ బోర్డు రాయించింది నేనే. ముందుండి, రంగు కూడా నేనే ఎంచి రాయించాను.

లోపలికి వెళ్ళేముందు హెలెన్ నియమాలు చెప్పింది. పేరు అడగొద్దు. ఎక్కడ ఉంటున్నారని అడగొద్దు. ఎలా వచ్చిందని అడగొద్దు. బయట ఎక్కడైనా కనపడితే వాళ్ళు పలకరించేదాకా మీరు పలకరించొద్దు. నేను చిన్నగా నవ్వి, ఇవన్నీ నాకు తెలుసు, తెలుగులోకి తర్జుమా చేసి మా గోడకు అంటించింది నేనే అన్నాను. అలా అన్నందుకు ఇప్పుడు తల ఎత్తలేకపోతున్నాను.

చివరి గది

గదిలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. సగం మంది ఆఫ్రికా దేశాలవాళ్ళు, ఒక ఇంగ్లీషు బామ్మ, ఇంకా ఒకరిద్దరు. అందరూ తమకు నచ్చిన పేరు పెట్టుకుని వస్తారు. జింబాబ్వే నుంచి వచ్చిన పెద్దావిడ తన పేరు క్వీన్ అని చెప్పి, ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూసింది.

ఆవేళ మాట్లాడుకున్నది మందులను ఏదో ఒక రోజువారీ పనికి ముడిపెట్టడం గురించి. ఇంగ్లీషు బామ్మ పిల్లికి అన్నం పెట్టగానే వేసుకుంటుందట. పిల్లి నన్ను మర్చిపోనివ్వదు అంది. క్వీన్ మందును విటమిన్ సీసాలో పోసి పెట్టుకుంటుంది. వాళ్ళబ్బాయి ఒకసారి తనకూ ఒకటి ఇమ్మన్నాడట. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు.

ఒక మూల పచ్చ స్వెట్టర్ ఆవిడ కూర్చుంది. పొడుగాటి మనిషి, నడుము దాకా జడ. ఎక్కువ మాట్లాడలేదు. చివర్లో, రాత్రి డ్యూటీలు పడ్డప్పుడు తనకు మందు వేళ తప్పుతోందని మెల్లిగా ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడి మనిషో నేను పోల్చుకోలేకపోయాను. మాటలయ్యాక తలా ఒక వంట తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ ఒక ఐస్‌క్రీం డబ్బా మూత తీసింది. అందులో పులిహోర. వేరుశనగలు, ఎండుమిరపకాయలు, నిండా కరివేపాకు. పౌండు పెట్టి కొన్న ఆకు అంత ధారాళంగా వేసిందంటే, ఈ గదిలోవాళ్ళంటే ఆవిడకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది.

నా ప్రాణం లేచొచ్చింది. పక్కకు వెళ్ళి తెలుగులో, మీరే చేశారా అన్నాను.

ఆవిడ తుళ్ళిపడింది. తర్వాత నవ్వింది. "అవునండీ. ఇంగువ కాస్త ఎక్కువైంది."

"ఏం కాలేదు, బాగుంది. మీది ఏ ఊరమ్మా?"

ఆవిడ చెప్పేసింది. దాచుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే జవాబు నోట్లోంచి వచ్చేసింది. మన నోళ్ళు అలా అలవాటు పడ్డాయి. నేను అక్కడితో ఆగానా? ఆ ఊరు నాకు తెలిసిన ఊరు. అక్కడ మాకు చుట్టరికం ఉంది. ఫలానా ఇంటివాళ్ళు మీకు ఏమవుతారు అని అడిగాను. ఆ ఊరి పేరు, ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను.

ఆవిడ చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టింది. పెట్టి, అంచు నుంచి కొంచెం లోపలికి జరిపింది. పార్కింగ్ టైమైపోతోందని ఇంగ్లీషులో అందరికీ చెప్పి, కోటు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడకు కారు లేదు. పొద్దున్న నేను దిగిన బస్టాపులోనే దిగి, నా ముందే నడిచి వచ్చింది.

ఏమడిగావు ఆమెను అంది క్వీన్. ఏ ఊరని అడిగానంతే అన్నాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"ఏడాది నుంచి వస్తోంది. మాలో ఎవరమూ అడగలేదు. నీకు ఆ ఊరు తెలుసు, అవునా?"

తెలుసన్నాను. నేను అక్కడే నిలబడి పులిహోర వైపు చూస్తున్నాను. ఏ ఊరు అన్నది ఒక ప్రశ్న అని అంతకుముందు నాకు ఎప్పుడూ తోచలేదు. దండం పెట్టడం లాంటిదే అనుకున్నాను. గోడకు అంటించిన నియమాల్లో అది కూడా ఉందని, నా చేత్తో రాసినా నాకు తెలియలేదు.

హెలెన్ ఆ డబ్బా కడిగి, క్లినిక్ వంటగది అలమరాలో పెట్టింది. ఆవిడ వస్తే తీసుకుంటుంది అంది. రాకపోతే అని అడిగాను. ఎవరి గురించీ ప్రత్యేకంగా చెప్పడం లేదు గాని, ఈ గదికి రావడం మానేసినవాళ్ళు తర్వాత మానేసేది మందులే అంది హెలెన్. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కేంబ్రిడ్జ్

మర్నాడు హెలెన్ తన కారులో నన్ను కేంబ్రిడ్జ్ తీసుకెళ్ళింది. ఇలాంటి కూటాలను చిన్న క్లినిక్‌లలోకి తెస్తున్న నర్సులు, సామాజిక కార్యకర్తలు కొందరు అక్కడ కలుసుకుంటున్నారు. వాళ్ళ ముందు నేను కాసేపు మాట్లాడాలని ముందే అనుకున్నాం. ఇంటి దగ్గరే రాసుకుని, గ్రంథాలయంలో కూర్చుని దిద్దుకున్న ప్రసంగం. అందులో ఒక భాగం రహస్యం కాపాడడం గురించి. తీసేద్దామనుకున్నాను. తీసేస్తే మిగిలేది పెద్దగా లేదు.

చదివాను. బాగా చదివానట. చప్పట్లు కొట్టారు. ఒక డాక్టరమ్మ వచ్చి, మీ దేశంలో ఇంత జాగ్రత్తగా చేస్తున్నారా అని మెచ్చుకుంది. మూడో వరసలో హెలెన్ కూర్చుని ఉంది. అందరితోపాటే చప్పట్లు కొట్టింది. నేను ఆవిడ చేతుల వైపు చూడలేకపోయాను.

తర్వాత నదీ, పడవలూ, రాతి భవనాలూ చూపించింది. పుస్తకాల్లో చదివినవన్నీ అక్కడ ఉన్నాయి. ఒక కాలేజీ లైబ్రరీ కిటికీలోంచి వరసగా దీపాలు, కింద తల వంచుకుని చదువుకుంటున్న పిల్లలు కనిపించారు. ఇంకో రోజైతే ఆ కిటికీ దగ్గర్నుంచి నన్ను కదపడం కష్టమయ్యేది. ఆవేళ నేనే, వెళ్దామా అన్నాను.

ఆదివారం భోజనం

రీడింగ్‌లో తెలుగు క్రైస్తవులు ఆదివారాలు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటారు. తర్వాత భోజనం. వంట వంతుల మీద. ఆ వారం వంతు మా అక్కయ్యది. పప్పుచారు, కోడికూర, పెరుగన్నం. ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చిన నర్సులు, కేర్ హోమ్‌లలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. పిల్లలు ఇంగ్లీషులో పోట్లాడుకుంటుంటే తల్లులు తెలుగులో సర్దిచెబుతున్నారు.

చివరి పాటకు లేచి నిలబడ్డప్పుడు ఆడవాళ్ళ వైపు రెండో వరసలో ఆవిణ్ణి చూశాను. పచ్చ స్వెట్టర్ లేదు, చీర కట్టుకుంది. ఆవిడ నన్ను అప్పటికే చూసింది. హెలెన్ చెప్పిన నాలుగో నియమం ఈసారి గుర్తుంది. నేను చూపు తిప్పుకుని పాటల పుస్తకంలోకి చూశాను.

భోజనాల దగ్గర అక్కయ్య నన్ను పక్కన నిలబెట్టుకుని, ఎంతో ప్రేమగా అందరికీ పరిచయం చేసింది. ఈవిడ మా చుట్టాలే, మన దగ్గర హెచ్ఐవీ వచ్చిన ఆడవాళ్ళకు సేవ చేస్తుంది, ఇక్కడి క్లినిక్‌లు చూడ్డానికి గవర్నమెంటోళ్ళే పిలిపించారు అంది. గవర్నమెంటు పిలవలేదని సరిదిద్దే ఓపిక నాకు లేదు. బ్రాక్‌నెల్ క్లినిక్ అని కూడా చెప్పేసింది.

థామస్ అంకుల్ అని అందరూ పిలిచే పెద్దాయన పళ్ళెం పట్టుకుని దగ్గరికొచ్చారు. మంచి మనిషి, కొత్తగా వచ్చినవాళ్ళకు గదులు వెతికిపెడతారట. "అయితే అమ్మా, ఆ క్లినిక్‌లో మన తెలుగోళ్ళు ఎవరన్నా తగిలారా?"

చుట్టూ మాటలు తగ్గాయి. ఆవిడ నాకు నాలుగడుగుల దూరంలో ఒక చంటిపిల్లకు అన్నం కలిపి పెడుతోంది. ఆ పిల్ల ఆవిడ పిల్ల కాదు. తల ఎత్తలేదు. కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతోంది.

"లేరండీ," అన్నాను. "ఒక్కరూ లేరు."

"దేవుడికి స్తోత్రం," అన్నారాయన. "మనవాళ్ళు అట్లాంటివాళ్ళు కాదులే."

అందరూ ఊపిరి పీల్చుకుని భోజనంలో పడ్డారు. నేను పళ్ళెం పక్కన పెట్టేశాను. అబద్ధమాడినందుకు కాదు. ఆ అబద్ధం ఆవిణ్ణి కాపాడింది, ఆయన మాటను కూడా నిలబెట్టింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరిగి, ఇది ఎవరికైనా రావచ్చు, ఎవరూ అట్లాంటివాళ్ళు కారు అని చెప్పిన నోరు, అక్కడ నవ్వి ఊరుకుంది.

అప్పుడు ఆవిడ తల ఎత్తింది. అందరికీ వినపడేలా అడిగింది. "మీది ఏ ఊరండీ?"

"బాపట్ల," అన్నాను.

"ఓహో. మాది హైదరాబాదు," అంది ఆవిడ.

అలాగాండీ అన్నాను.

సింకు దగ్గర

గిన్నెలు కడగడానికి అక్కయ్యతోపాటు నేనూ వెళ్ళాను. అక్కయ్యను ఎవరో పిలిస్తే బయటికెళ్ళింది. తలుపు తోసుకుని ఆవిడ లోపలికొచ్చి, తువ్వాలు తీసుకుని నేను కడిగిన పళ్ళేలు తుడవడం మొదలుపెట్టింది. క్షమించమని అడగబోయాను. ఆవిడ పళ్ళెం వైపే చూస్తూ మాట్లాడింది.

"మీ వాళ్ళకు చెప్పారా, మా ఊరివాళ్ళకు?"

"ఎవరికీ చెప్పలేదు. చెప్పను."

"మీరు చెప్పాలనుకోరు. మాటల్లో వచ్చేస్తుంది. మొన్న నాకు వచ్చేసినట్టే."

కుళాయి కట్టేశాను, నీళ్ళ చప్పుడు ఆగిపోయేసరికి ఇంకా ఇబ్బందై మళ్ళీ తిప్పాను.

"ఈ గురువారం మీరు వెళ్తున్నారా ఆడికి?" అంది.

వెళ్ళాల్సి ఉంది. రెండో కూటం చూడ్డానికే అంత దూరం పంపారు నన్ను. మొదటి కూటంలో పద్ధతి చూడడం, రెండో కూటంలో దాన్ని నేర్చుకోవడం అనుకున్నాం.

"వెళ్ళను," అన్నాను.

ఆవిడ రెండు పళ్ళేలు తుడిచింది. తర్వాత, మీరు ఇవన్నీ రాస్తారంట గదా, మీ అక్కయ్య చెప్పింది అంది. రాయొద్దంటే రాయనన్నాను. ఆవిడ ఆలోచించింది.

"రాయండి. మనవాళ్ళలో ఉన్నారని రాయండి. నాలాగా మాత్రం ఉండకూడదు."

మరి ఎలా ఉండమంటారు అని అడిగాను. ఆవిడకు నవ్వొచ్చింది. ఈసారి ఇంగువ ఎక్కువైందన్నప్పటి నవ్వు. చిన్నప్పుడు అద్దం ముందు నిలబడి తను ఎలా ఉంటే బాగుండుననుకునేదో చెప్పింది. అక్కయ్య లోపలికొచ్చింది. ఆవిడ, హైదరాబాదులో ఎండలు ఎలా ఉంటాయో చెప్పడం మొదలుపెట్టింది.

మళ్ళీ గురువారం

హెలెన్‌కు ముందురోజే చెప్పాను, గదిలోకి రానని. ఎందుకని అడగలేదు. అయినా బ్రాక్‌నెల్ వెళ్ళాను. కూటం అయ్యాక హెలెన్ తన పద్ధతంతా విడిగా కూర్చుని చెబుతానంది. అందాకా ఎదురుగా ఉన్న లైబ్రరీలో కూర్చున్నాను. వెచ్చగా ఉంది, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, పేరు అడగరు. కిటికీ పక్కన మంచి బల్ల దొరికింది. అక్కణ్ణుంచి క్లినిక్ తలుపు బాగా కనపడుతుంది. కుర్చీ తిప్పి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. చేతిలో పుస్తకం ఉంది. అది దేని గురించో ఇప్పుడు చెప్పలేను. గ్రంథాలయంలో కూర్చుని పుస్తకం చదవకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

హెలెన్ వచ్చి, క్లినిక్ వంటగదిలో టీ పెడతాను రమ్మంది. ఆ వంటగదిలోనే అలమరా ఉంది. డబ్బా ఉంటే ఆవిడ రానట్టు, లేకపోతే వచ్చినట్టు. ఒక్కసారి చూస్తే చాలు. వచ్చిందా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇక్కడే బయట తాగుదామా అన్నాను. చలిగా ఉంది కదా అంది హెలెన్. ఫరవాలేదన్నాను.

ఆవిడ రెండు కప్పులు బయటికి తెచ్చింది. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఆ కార్యక్రమం ఎలా నడపాలో చెప్పింది. చీకటి పడేదాకా విన్నాను.

బాపట్ల

ఇంటికొచ్చాక ముందుగా చేసిన పని బోర్డు దింపించడం. మా వాళ్ళు చుట్టూ చేరి విశేషాలు అడిగారు. కరివేపాకు ధర విని నోళ్ళు నొక్కుకున్నారు. కేంబ్రిడ్జ్ చప్పట్ల గురించి వాళ్ళకు ముందే ఎవరో చెప్పారు, నేను దాటేశాను. అక్కడ మన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా ఆ జబ్బుతో అని అడిగారు. ఉన్నారన్నాను. ఈసారి నిజం చెప్పాను.

అయ్యో, ఎవరు, ఏ ఊరు అన్నారు, నలుగురూ ఒక్కసారే. వాళ్ళను ఏమనను, మొన్నటిదాకా నేనూ అంతే.

ఊరు అడగలేదన్నాను. పోనీ ఎలా ఉంటుంది మనిషి అన్నారు.

ఆవిడ చిన్నప్పుడు అద్దం ముందు కోరుకున్నట్టే, పొడుగ్గా ఉంటుంది, నడుము దాకా జడ అని చెప్పాను.